టేబుల్ మీద పూయని టేబుల్ రోజ్

మలయాళీలు దీన్ని పత్తుమణిపూవు అంటారు, అంటే పది గంటల పువ్వు. వియత్నాంలో దీనికున్న పేరుకీ అదే అర్థం. హిందీ ప్రాంతాల్లో కొందరు ‘నౌ బజియా’ అంటారు, బెంగాలీలు ‘టైమ్ ఫుల్’ అంటారు. ఇన్ని భాషలవాళ్లు ఎవరికి వారుగా ఈ మొక్కలో ఒక గడియారాన్ని చూశారు. మన నర్సరీలో మాత్రం టేబుల్ రోజ్ అని అడగాలి. గడ్డి గులాబి, నాచు గులాబి అనే పేర్లూ ఉన్నాయి. నిజానికిది గడ్డి కాదు, నాచు కాదు, గులాబీతో చుట్టరికమూ లేదు. అయినా వాటితో వచ్చిన నష్టమేమీ లేదు. చిక్కంతా ‘టేబుల్’ అన్న మాటతోనే. ఇంట్లో ఈ మొక్క బతకలేని చోటంటూ ఉంటే అది టేబులే.

ఆ పేరు నమ్మి మొదటి కుండీని నేను రాసుకునే బల్ల మీదే పెట్టాను. మూడు వారాల్లో తీగలు జానెడు సాగాయి. మొక్క పెరుగుతోందని మురిసిపోయాను. కానీ ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగింది, తీగలన్నీ కిటికీ వైపు మెడలు చాచాయి, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. నీళ్లు చాలడం లేదేమోనని రోజూ పోశాను. నాలుగో వారంలో మొదలు మెత్తబడింది. పట్టి లాగితే వేరు లేకుండా చేతికొచ్చింది.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఈ మొక్క పెంపకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. దాని రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే చాలు. అందుకే ఈ అధ్యాయంలో దాని ఇరవైనాలుగు గంటలూ వరుసగా చూద్దాం. అంతకుముందు దాని పుట్టిల్లు.

ఆండీస్ కొండల కింద

ఈ మొక్క శాస్త్రీయనామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. ‘గ్రాండిఫ్లోరా’ అంటే పెద్ద పువ్వులది. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ దీని సొంత ఊళ్లు. స్కాట్లాండ్ వైద్యుడు జాన్ గిలీస్ అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతంలో చాలాకాలం ఉండి అక్కడి మొక్కలు సేకరించాడు. పంపా మైదానాల పడమటి అంచుకీ ఆండీస్ కొండల పాదాలకీ మధ్య, తేలికపాటి ఇసుక నేలల్లో ఈ పూలు విరగబూసి ఉండడం ఆయన కంటపడింది. ఆయన సేకరణ ఆధారంగా 1829లో విలియం జాక్సన్ హుకర్ ‘కర్టిసెస్ బొటానికల్ మ్యాగజైన్’లో బొమ్మతో సహా ఈ మొక్కను లోకానికి పరిచయం చేశాడు.

మెండోసాలో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. కరువుసీమగా పేరుపడ్డ మన అనంతపురం సగటు దానికి రెట్టింపు పైమాటే. ఆ కాస్త వానా ఎక్కువగా వేసవిలోనే పడుతుంది, పడిన నీరు ఇసుకలో నిలవదు. నీడనిచ్చే చెట్టు లేదు. ఎండకి అడ్డు లేదు, నీటికి భరోసా లేదు. ఈ మొక్క ఒళ్లంతా ఆ రెండు షరతులకి తగ్గట్టు తయారైంది. సూదుల్లాంటి గుండ్రటి ఆకులు నీటి తిత్తులు. కాండమూ కండగలదే. పైకి లేవకుండా నేల మీద పాకుతుంది. అదే మొక్కని వేలాడే కుండీలో పెడితే, పాకడానికి నేల దొరక్క అంచు దాటి జాలువారుతుంది.

నర్సరీలో ఇదే పేరుతో ఆకు బల్లపరుపుగా ఉండే రకం కూడా అమ్ముతారు. అది చాలావరకు దీని దాయాది పోర్చులాకా అంబ్రాటికోలా నుంచి వచ్చిన రకం. పెంపకంలో రెండింటికీ తేడా లేదు.

రాత్రి: పులుపు చేరే వేళ

ఈ మొక్కకి మన వంటింట్లోనూ ఒక చుట్టం ఉంది. గంగవాయిలి కూర, కొన్నిచోట్ల పావిలి కూర. ఇద్దరిదీ ఒకే ప్రజాతి. పప్పులో వేస్తే తగిలే చిరుపులుపు చాలామందికి తెలుసు. ఆ పులుపు రోజంతా ఒకేలా ఉండదు. నీటి ఎద్దడిలో పెరిగిన ఆకుని తెల్లవారుజామున కోస్తే పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోస్తే ఆ పులుపు చాలా తగ్గిపోయి ఉంటుంది.

ఇలాంటి వింతని నాలుకతో పట్టుకుని శాస్త్రలోకానికి చెప్పినవాడికి మన గోదావరి సీమతో సంబంధం ఉంది. ఆయన పేరు బెంజమిన్ హైనె. విలియం రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీకి వృక్షశాస్త్రవేత్తగా పనిచేశాడు. రణపాల ఆకు నమిలితే ఉదయం పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని ఆయన రాసిన లేఖ 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. అప్పటికి కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

కారణం ఇది. మొక్క ఆహారం తయారుచేసుకోవాలంటే ఆకు మీది పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకోవాలి. తలుపు తెరిస్తే గాలి లోపలికి వచ్చినట్టే లోపలి తేమ బయటికి పోతుంది. పగటి ఎండలో ఆ నష్టం భారీగా ఉంటుంది. అందుకని రణపాల, బ్రహ్మజెముడు, అనాస వంటివి రాత్రి చల్లబడ్డాకే తలుపులు తెరుస్తాయి. లోపలికి వచ్చిన వాయువుని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో నిల్వ చేస్తాయి. పొద్దుటి పులుపు అదే. తెల్లవారాక తలుపులు మూసేసి, ఆ ఆమ్లాన్ని విడగొట్టుకుంటూ, సూర్యరశ్మితో వంట సాగిస్తాయి. వంట సాగేకొద్దీ పులుపు తగ్గుతుంది. ఈ పద్ధతిని క్యామ్ అంటారు.

టేబుల్ రోజ్ ఈ పని నీళ్లు కరువైనప్పుడే గట్టిగా చేస్తుంది. నీళ్లు పుష్కలంగా ఉంటే దానికి వేరే పద్ధతి ఉంది, అది మధ్యాహ్నం చూద్దాం. ఇక్కడ కుండీ యజమాని గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఎండినప్పుడు ఏం చేయాలో తెలిసిన మొక్క ఇది. తడిసి ముద్దయినప్పుడు ఏం చేయాలో దానికి తెలియదు.

ఉదయం తొమ్మిదిన్నర: కన్ను చెప్పే అబద్ధం

ఎండ పడ్డ అరగంటకో గంటకో మొగ్గలు విచ్చుకుంటాయి. దీనికి వెలుగు కావాలి, వెచ్చదనమూ కావాలి. రెండూ కుదిరిన పొద్దు తొమ్మిది, పది మధ్య వస్తుంది కాబట్టి అన్నేసి భాషల్లో ఆ పేర్లు. ముసురు పట్టిన రోజున పదకొండయినా మొగ్గ కదలదు. కొన్ని మొగ్గలు విచ్చుకోకుండానే ఆ రోజు ముగించేస్తాయి.

పూలు విచ్చే వేళలతో తోటలో గడియారం పేర్చవచ్చని 1751లోనే లిన్నేయస్ ఊహించి జాబితా రాశాడు. మన పెరటి చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది. చిత్రమేమిటంటే, వృక్షశాస్త్ర వర్గీకరణలో చంద్రకాంత, టేబుల్ రోజ్ ఒకే క్రమానికి చెందుతాయి. ఒకే వంశంలో ఒకరిది పగటి డ్యూటీ, ఒకరిది రాత్రి డ్యూటీ.

ఇక వెలుగు మాట. “మా హాలు చాలా వెలుతురుగా ఉంటుందండీ” అని చెప్పి పూయని మొక్కని చూపించేవాళ్లు ఎందరో. వాళ్లు అబద్ధమాడడం లేదు, వాళ్ల కన్ను ఆడుతోంది. మధ్యాహ్నపు ఎండ తీవ్రత సుమారు లక్ష లక్స్. దీపం కింద హాయిగా పుస్తకం చదువుకోగలిగే గదిలో 300 నుంచి 500 లక్స్. తేడా రెండువందల రెట్లకి తక్కువ కాదు. కానీ మన కంటిపాప పెద్దదై, రెటీనా సర్దుకుని, ఆ తేడాని మనకి తెలియకుండా చెరిపేస్తుంది. మొక్కకి అలాంటి సర్దుబాటు లేదు. అందిన వెలుగుకి తగ్గట్టే వంట. నా బల్ల మీద సాగిన తీగలు ఎదుగుదల కాదు, వెతుకులాట. నీడలో చిక్కిన మొక్క ఉన్న సత్తువంతా పొడవు మీద పెట్టి వెలుగుని అందుకోవాలని చూస్తుంది. పూలకి మిగిలేది సున్నా.

కాబట్టి దీన్ని ఇంటిమొక్కగా పెంచాలంటే ఇంటి అంచున పెంచాలి. బాల్కనీ కమ్మీ, కిటికీ గ్రిల్లు, మేడ మీది పిట్టగోడ. నేరుగా ఎండ కనీసం ఐదారు గంటలు పడాలి. ఎక్కడ పడుతుందన్నది దిక్కుతో పాటు నెలని బట్టి మారుతుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం బాల్కనీలో ఎండ లోపలి గోడ దాకా పాకుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లో దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు అదే బాల్కనీ మీద పై అంతస్తు నీడ పడుతుంది. చలికాలమంతా పూసి, మండు వేసవిలో మొండికేసిన కుండీలు చాలావాటికి తెగులు ఏమీ లేదు. ఎండ చోటు మారింది, కుండీ మారలేదు. దాన్ని తూర్పుకో పడమరకో మార్చితే సరిపోతుంది.

పదకొండు: తేనెటీగ వచ్చింది

విచ్చుకున్న పువ్వు మధ్యలో పసుపు కేసరాల గుత్తి ఉంటుంది. ఒక అగ్గిపుల్లతో ఒక పక్కన మెల్లగా తాకి చూడండి. ఒకటి రెండు క్షణాల్లో కేసరాలు తాకిన వైపుకి వంగుతాయి. తేనెటీగ వాలినప్పుడూ ఇదే జరుగుతుంది. అది ఎటు కదిలితే అటు కేసరాలు ఒరిగి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. పిల్లలకి చూపించదగ్గ ప్రయోగం. ఒకటి రెండు పూలతో ఆపేయండి, కారణం మూడు గంటలకి చెబుతాను.

రంగుల సంగతి మరీ ఆసక్తికరం. మందారం ఎరుపు, శంఖుపువ్వు నీలం, వంకాయ ఊదా ఆంథోసయనిన్లు అనే రంగుల చలవ. టేబుల్ రోజ్‌లో అవి లేవు. దాని గులాబీ రంగు, పసుపు, నారింజ బెటలైన్లు అనే వేరే కుటుంబపు రంగులు. బీట్‌రూట్ ముక్క కోస్తే చేతికంటేది, కాగితపు పూల మీద కనిపించేది, ఎర్ర తోటకూర ఉడికిస్తే నీళ్లలోకి దిగేది ఇవే. ఈ రంగుల తయారీలో ఒక కీలకమైన ఎంజైమ్ జన్యువుని స్విట్జర్లాండ్‌లోని లోసాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో గుర్తించారు. వాళ్లు దాన్ని పట్టుకున్నది ఈ టేబుల్ రోజ్‌లోనే. ఒకే జాతిలో తెలుపు నుంచి ముదురు ఊదా దాకా ఇన్ని రంగులు ఉండడం వాళ్లకి కలిసొచ్చింది. ఏ రంగు పువ్వులో ఏ జన్యువు పనిచేస్తోందో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

మిట్టమధ్యాహ్నం: రెండు కొలుములు

కిరణజన్య సంయోగక్రియకి పెద్దదిక్కు రూబిస్కో అనే ఎంజైమ్. దానికి ఒక బలహీనత ఉంది, చూపు మందగించిన గుమాస్తాలా కార్బన్ డయాక్సైడ్ అనుకుని అప్పుడప్పుడు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. వరి, గోధుమ వంటి మొక్కలు ఈ నష్టాన్ని భరిస్తాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు ఒక ఉపాయం కనిపెట్టాయి. ఆకులో బయటి కణాలు కార్బన్ డయాక్సైడ్‌ని పోగుచేసి, రూబిస్కో ఉన్న లోపలి కణాలకి దట్టంగా అందిస్తాయి. చుట్టూ అదే నిండి ఉంటే పొరపాటుకి చోటుండదు. ఇది సీ4 పద్ధతి. సీ4 చోటు మార్చి చేసే పని, క్యామ్ వేళ మార్చి చేసే పని.

ఇలాంటి ఉపాయమున్న మొక్కలు సాధారణంగా ఈ రెండిట్లో ఒకటే ఎంచుకుంటాయి. పోర్చులాకాలు రెండూ చేస్తాయి. నీళ్లున్నప్పుడు జొన్నలా సీ4తో పగలు జోరుగా పెరుగుతాయి, కరువొస్తే దానికి తోడుగా క్యామ్‌ని అందుకుంటాయి. ఈ రెండు పద్ధతులూ ఆకులో విడివిడి గదుల్లో జరుగుతాయని చాలాకాలం అనుకున్నారు. గంగవాయిలి ఆకు మీద పనిచేసిన అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రెండూ ఒకే కణాల్లో కలగలిసి సాగుతున్నాయని 2022లో చూపించారు. కలుపుమొక్క అని పొలంలో పీకి పారేసేదాంట్లో, కరువుని తట్టుకుంటూ దిగుబడి ఇచ్చే పంటల కోసం శాస్త్రవేత్తలు పాఠాలు వెతుకుతున్నారు.

మే నెల ఎండకి ఈ మొక్క ఎందుకు బెదరదో ఇప్పుడు తెలిసింది కదా. బెదిరేది ఒకే సందర్భంలో. నీడలో పెరిగిన కుండీని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు కమిలిపోతాయి. వారం పాటు ఉదయపు ఎండ రుచి చూపించి, తర్వాత పూర్తి ఎండకి మార్చాలి. ఎరువు విషయంలోనూ పుట్టిల్లే గుర్తు. ఇసుకనేల బిడ్డకి విందు భోజనం పడదు. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టమై పూలు తగ్గుతాయి. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

మూడు గంటలు: మూత పడే వేళ

మధ్యాహ్నం తిరిగేసరికి రేకులు ముడుచుకుంటాయి. ఆ పువ్వు మళ్లీ విచ్చుకోదు. రేపు పూసేది వేరే మొగ్గ. వాడడాన్ని నడిపించే వాటిలో ఇథిలీన్ ఒకటి, మనం అరటిగెలలు మాగబెట్టడానికి వాడే వాయువే. పోర్చులాకా సంకరజాతి మీద జపాన్‌లో చేసిన ప్రయోగాల్లో, కేసరాల కాడలు దెబ్బతింటే ఇథిలీన్ పెరిగి పువ్వు మామూలుకన్నా ముందే వాడిపోతోందని తేలింది. అగ్గిపుల్ల ప్రయోగం ఒకటి రెండు పూలతో ఆపమన్నది అందుకే.

వాడిన పువ్వు కింద చిన్న కాయ ముదురుతుంది. ముదిరాక దాని పైభాగం భరిణె మూతలా గుండ్రంగా ఊడి పడుతుంది. లోపల ఇసుకరేణువుల్లాంటి బూడిదరంగు గింజలు. పోర్చులాకా అన్న పేరు ‘చిన్న తలుపు’ అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని చెబుతారు. ఆ తలుపు ఈ మూతేనట. గింజలు నాటాలనుకుంటే మట్టి మీద చల్లి తడపండి, కప్పెట్టవద్దు. మొలకెత్తడానికి వాటికి వెలుగు కావాలి. ముద్ద రకాల్లో కేసరాలే రేకులుగా మారిపోతాయి కాబట్టి గింజలు తక్కువ. వాటికి కొమ్మ నాటడమే దారి. నాలుగంగుళాల కొమ్మ తుంచి, కోసిన చోటు ఆరేదాకా ఒక పూట నీడలో ఉంచి గుచ్చితే, వెచ్చని కాలంలో పది రోజుల్లో వేరు పట్టేస్తుంది.

తుంచడం వల్ల తల్లిమొక్కకీ మేలే. తీగ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనుతో కింది మొగ్గల్ని అణిచిపెడుతుంది. కొస తుంచితే ఆ పెత్తనం పోయి పక్కకొమ్మలు వస్తాయి. పూసేది కొమ్మల కొసల్లోనే కాబట్టి కొమ్మలెన్నో పూలన్ని. మొదలు బోసిపోయి కొసలే మిగిలిన పాత కుండీకి ఇదే వైద్యం.

సాయంత్రం: నీళ్ల లెక్క

ఆఖరికి, చాలామంది మొదట అడిగే ప్రశ్న. ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి? రోజుల లెక్క లేదు. వేలు రెండు కణుపుల లోతు దించండి, తడి తగలకపోతే పోయండి. వేలాడే కుండీ అయితే అడుగున చెయ్యి పెట్టి ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే పోయండి. వేసవిలో అది రోజూ కావచ్చు, చలికాలంలో నాలుగైదు రోజులకోసారి కావచ్చు. పోసినప్పుడు అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి.

నీరెక్కువైతే వేరు చచ్చేది ఊపిరాడకే. వేళ్లకి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేరు ఉక్కిరిబిక్కిరై చస్తుంది, చచ్చినదాని మీద బూజుజాతులు పడతాయి. నా బల్ల మీది మొక్కకి పట్టిన గతి అదే. నీడలో వంట లేక నీళ్లు తాగడం తగ్గింది, నేను పోయడం తగ్గలేదు.

అందుకే మట్టి మిశ్రమంలో ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక ఒక వంతు, కంపోస్టూ కొబ్బరిపొట్టూ కలిపి ఒక వంతు. కుండీ అడుగున గులకరాళ్లు పరిచే అలవాటు మనలో చాలామందికి ఉంది, నీరు బాగా దిగుతుందని. జరిగేది తలకిందులు. సన్నమట్టి పూర్తిగా తడిసి నిండేదాకా అందులోని నీరు కిందున్న పెద్ద సందుల్లోకి దిగదు. రాళ్ల వల్ల ఆ తడిపొర అడుగున ఉండాల్సింది కాస్తా వేళ్ల దగ్గరికి ఎక్కుతుంది. కన్నం మీద ఒక పెంకు ముక్క చాలు, మిగతాదంతా మట్టి మిశ్రమమే నింపండి. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపండి.

తీగల సందుల్లో దూదిపింజల్లా కనిపిస్తే అది పిండినల్లి. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఇంట్లో పిల్లీ కుక్కా ఉంటే అందని ఎత్తులో వేలాడదీయండి. పోర్చులాకాల్లోని ఆక్సలేట్లు వాటికి పడవు.

ఇప్పుడు నా బల్ల మీద ఆ మొక్క లేదు. మూడో అంతస్తు బాల్కనీ కమ్మీకి వేలాడుతోంది, తొమ్మిదిన్నరకల్లా విచ్చుకుంటుంది. ఒంటిరేకుల రకం కావడంతో ఏడాదంతా దాని భరిణెల మూతలు ఊడుతూనే ఉన్నాయి. ఆ గింజలు గాలికి రాలి కింది అంతస్తు తులసికుండీలో పడి, నిరుడు వానలకి మొలిచాయి. కిందింటి పిన్నిగారు వాటిని పీకకుండా ఉంచారు. ఎదురుగా కట్టిన భవనం వల్ల ఆవిడ గ్రిల్లు మీదికి ఎండ పదిన్నర దాటితే గానీ దిగదు. మొన్న మెట్ల మీద ఎదురై, “బాబూ, మీది పది గంటల పువ్వంటావు గానీ, మా ఇంట్లో అది పదకొండు గంటల పువ్వు” అన్నారు.